విభాగాల సమీక్షలో అసలు ఏం చూస్తారు? పోస్టులు, నిధులు ఏ లెక్కన పంచుతారు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ విభాగంలో సహాయ ఆచార్యులు. కొన్నేళ్లుగా ఎమ్మెస్సీ సీట్లు పూర్తిగా నిండడం లేదు. అన్ని విభాగాలనూ సమీక్షించడానికి వీసీ (ఉపకులపతి) గారు ఒక కమిటీ వేశారు. మీ దగ్గర రిటైరైనవారి రెండు ఖాళీలు కంప్యూటర్ సైన్స్‌కు వెళ్తాయని, మీ విభాగాన్ని గణితంలో కలిపేస్తారని వినిపిస్తోంది. విశ్వవిద్యాలయాలు ఏ ప్రాతిపదికన ఒక విభాగానికి ఇచ్చి ఇంకో విభాగానికి ఆపుతాయి, ఇతర దేశాల్లో ఎలా చేస్తారు, ఈలోగా మీరు చేయగలిగింది ఏమిటి అని అడిగారు.

నేను విభాగాధిపతిగా, ఆ తర్వాత డీన్‌గా పనిచేశాను. అకడమిక్ ఆడిట్ కమిటీల్లో సభ్యుడిగా వేరే విశ్వవిద్యాలయాలకూ వెళ్లాను. సమీక్షకు జవాబు చెప్పుకున్న అనుభవం ఉంది, సమీక్ష చేసిన అనుభవమూ ఉంది. అందులోంచే రాస్తున్నాను.

సూటిగా జవాబు చెబుతాను. ఏ కమిటీ అయినా కాగితం మీద ఎన్ని ప్రమాణాలు రాసుకున్నా, నిర్ణయం నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఈ కోర్సు కోసం బయటి నుంచి ఎంతమంది వస్తున్నారు? ఈ విభాగం లేకపోతే లోపల ఎవరి చదువు ఆగిపోతుంది? దీనికి ఎంత ఖర్చవుతోంది, దీనివల్ల ఎంత వస్తోంది? ఇక్కడ చదివినవారు, ఇక్కడ జరిగిన పరిశోధన ఎంతవరకు నిలబడ్డాయి? మన విశ్వవిద్యాలయాల్లో మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ లెక్కలు సులువుగా దొరుకుతాయి. అందుకని కమిటీలు వాటినే పట్టుకుంటాయి. రెండో ప్రశ్నకు లెక్క ఎవరి దగ్గరా ఉండదు. దాన్ని మీరే తయారు చేసి ఇవ్వాలి. స్టాటిస్టిక్స్ లాంటి విభాగం బతకడం ఆ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉంది. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు వనరు అంటే ఏమిటో చూద్దాం. బయటివారు నిధులు అనగానే డబ్బు సంచులు పంచుతారనుకుంటారు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పంచడానికి చేతిలో మిగిలే డబ్బు చాలా తక్కువ. ప్రభుత్వం ఒక మొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది, చాలాచోట్ల వాటికే చాలదు. ప్రయోగశాలలకు, పుస్తకాలకు, మరమ్మతులకు పరీక్ష ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ (ఫీజులతోనే నడిచే) కోర్సుల ఫీజులు, పరిశోధన ప్రాజెక్టుల నిధుల్లో విశ్వవిద్యాలయానికి వచ్చే వాటా (ఓవర్‌హెడ్) లాంటివి దిక్కు. కాబట్టి మన దగ్గర పంచుకునే అసలు వనరు పోస్టు. ఒక ఆచార్యులు రిటైరైనప్పుడు ఆ ఖాళీ అదే విభాగంలో నిలుస్తుందా, ఇంకో విభాగానికి వెళ్తుందా, లేక భర్తీ కాకుండా ఏళ్ల తరబడి పడి ఉంటుందా అన్నదే విభాగం తలరాతను నిర్ణయిస్తుంది. కొత్త పోస్టు మంజూరు కావాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, అది అంత తేలిక కాదు. అందుకే కొత్త కోర్సు పెట్టాలనుకున్న ప్రతి వీసీ దృష్టీ ముందు పాత విభాగాల ఖాళీల మీద పడుతుంది. మీ కమిటీ కూడా అందుకే పుట్టి ఉంటుంది. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్‌లో నిండు తరగతులకు అతిథి అధ్యాపకులతో పాఠాలు నడిపిస్తున్న డీన్ బాధ కూడా నిజమైన బాధే.

ఇక "న్యాక్‌లో మాకు మంచి గ్రేడు వచ్చింది కదా, దాన్ని చూపించవచ్చా" అని అడిగారు. చూపించండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. న్యాక్ అంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే జాతీయ మండలి, 1994లో బెంగళూరులో ఏర్పడింది. అది గ్రేడు ఇస్తూ వచ్చింది ఒక విద్యాసంస్థ మొత్తానికి, విడివిడిగా విభాగాలకు కాదు. ఏడు ప్రమాణాలతో, వెయ్యి మార్కుల లెక్కతో నడిచిన పద్ధతిలో విశ్వవిద్యాలయాలకు పరిశోధనకు 250, బోధన, మూల్యాంకనానికి 200 ఉండేవి. ఆ వెయ్యిలో మీ విభాగం వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పరు. 2016 నుంచి విద్యాసంస్థలకు జాతీయ స్థాయిలో ర్యాంకులు ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ కూడా అంతే. బోధన వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, పట్టభద్రుల ఫలితాలకు 20 శాతం, సమ్మిళితత్వానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 శాతం అని బేరీజు వేసినా అది సంస్థ స్థాయి లెక్క. కోర్సును కోర్సుగా తూచేది ఎన్‌బీఏ (జాతీయ అక్రెడిటేషన్ బోర్డు). అది ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీ లాంటి వృత్తివిద్యా కోర్సులకు. మీ ఎమ్మెస్సీకి అది వర్తించదు.

ఒకప్పుడు మన దేశంలో విభాగాన్ని తూచి నేరుగా డబ్బు ఇచ్చే మంచి పద్ధతి ఒకటి ఉండేది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రత్యేక సహాయ కార్యక్రమం. బయటి నిపుణులు వచ్చి విభాగాన్ని చూసేవారు. నచ్చితే అయిదేళ్లకు నిధులు, అప్పుడప్పుడు పోస్టులు కూడా వచ్చేవి. బాగా చేస్తే పై మెట్టు, చివరికి ఉన్నత అధ్యయన కేంద్రం హోదా. ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగానికి 1964లోనే ఆ హోదా వచ్చింది. జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని ఉన్న విభాగం అది. ఆ విభాగంలో ఏనాడూ వందల మంది విద్యార్థులు లేరు, ఉండాల్సిన అవసరమూ లేదు. తలలు లెక్కపెట్టి దాని విలువ కట్టి ఉంటే పుట్టిన ఏడాదే మూతపడి ఉండేది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం గురించి కూడా నేను ఇదే మాట అంటాను. తుపాన్ల తీరంలో అలాంటి విభాగానికి ప్రవేశాల సంఖ్య ఒక్కటే కొలబద్ద కాకూడదు. అలాంటి డబ్బు వచ్చే పంచవర్ష ప్రణాళికల కాలం 2017 మార్చితో ముగిసింది. 2013లో వచ్చిన రూసా, 2023లో దాని స్థానంలోకి వచ్చిన పీఎం-ఉషా వంటి కేంద్ర ఉన్నత విద్యా పథకాల డబ్బు విశ్వవిద్యాలయం మొత్తానికి వస్తుంది. అందులో ఎవరికెంత అన్నది లోపల తేలాలి. విభాగాల మధ్య పోటీ పెరగడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఇక లెక్కల దగ్గరికి వద్దాం. మీ కమిటీ ముందు ఇప్పుడు ఉన్న కాగితం ఎలా ఉంటుందో నేను ఊహించగలను. విభాగం పేరు, మంజూరైన సీట్లు, చేరినవారు, రెగ్యులర్ అధ్యాపకులు, ఏడాది జీతాల ఖర్చు, చివరి గడిలో ఒక విద్యార్థికి అయ్యే ఖర్చు. ఆ చివరి గడిలో మీ విభాగం అంకె కామర్స్ అంకెకు అనేక రెట్లు ఉంటుంది. చర్చ అక్కడితో ఆగిపోతుంది.

ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది చూపించనివి రెండు ఉన్నాయి. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. అంకెలు నావి, మీ అంకెలు పెట్టుకుని మళ్లీ లెక్కించండి.

ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో 12 మంది, రెండో ఏడాదిలో 10 మంది, మొత్తం 22 మంది అనుకుందాం. క్రెడిట్ అంటే పాఠ్యభారం కొలత: థియరీలో క్రెడిట్‌కు వారానికి ఒక గంట, ప్రాక్టికల్‌లో రెండు గంటలు అనుకుందాం. సెమిస్టరుకు అయిదు పేపర్లు, పేపరుకు 4 క్రెడిట్లు, అంటే విద్యార్థికి 20 క్రెడిట్లు. 22 మందికి 440 విద్యార్థి-క్రెడిట్లు. కమిటీ కాగితంలో కనిపించేది ఇంతే. ఇప్పుడు మీ అధ్యాపకులు వేరే విభాగాలకు వెళ్లి చెప్పే పాఠాలు చూడండి. ఎంబీఏలో 60 మందికి 4 క్రెడిట్ల పేపరు: 240. ఎకనమిక్స్‌లో 40 మందికి 4 క్రెడిట్లు: 160. కామర్స్‌లో 50 మందికి 4 క్రెడిట్లు: 200. బయోటెక్నాలజీలో 30 మందికి బయోస్టాటిస్టిక్స్ 3 క్రెడిట్లు: 90. ఇవి కలిపితే 690. మొత్తం 1,130లో నూటికి అరవైకి పైగా బోధన మీ సొంత విద్యార్థులకు కాదు, ఇతర విభాగాల విద్యార్థులకు జరుగుతోంది. ఆ విద్యార్థులంతా కాగితంలో ఎంబీఏ ఖాతాలోనో కామర్స్ ఖాతాలోనో ఉన్నారు. వాళ్లకు పాఠం చెప్పినవారి జీతం మాత్రం మీ ఖాతాలో ఉంది. ఒక విద్యార్థికి ఖర్చు అన్న గడిలో మీరు ఎందుకు ఖరీదుగా కనబడుతున్నారో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ విద్యార్థి-క్రెడిట్ లెక్క నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో డెలవేర్ విశ్వవిద్యాలయం 1992లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం విభాగాల బోధన ఖర్చును ఇదే కొలమానంతో పోల్చింది. అక్కడ వందలాది సంస్థలు దాన్ని వాడుకున్నాయి. ముఖ్యమైన నియమం ఒకటి ఉంది: కామర్స్ విభాగాన్ని స్టాటిస్టిక్స్ విభాగంతో పోల్చకూడదు, ఇంకో విశ్వవిద్యాలయంలోని స్టాటిస్టిక్స్ విభాగంతో స్టాటిస్టిక్స్‌ను పోల్చాలి. ప్రయోగశాల ఉన్న కెమిస్ట్రీకి, బల్లలు చాలనుకునే చరిత్రకు ఖర్చు సమానంగా ఎలా ఉంటుంది? మీ పొరుగు విశ్వవిద్యాలయాల స్టాటిస్టిక్స్ విభాగాల నుంచి ఈ అంకెలు తెప్పించుకోండి. విభాగాధిపతుల మధ్య ఒక ఉత్తరంతో అయ్యే పని.

కాగితం చూపించని రెండో సంగతి స్థిర వ్యయం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వారానికి ప్రత్యక్ష బోధన సహాయ ఆచార్యులకు 16 గంటలు, అసోసియేట్ ఆచార్యులకూ ఆచార్యులకూ 14 గంటలు. పై ఉదాహరణలోనే నాలుగు థియరీ పేపర్లు, ఒక ప్రాక్టికల్ అనుకుంటే ఒక్కో తరగతికి 16 గంటల థియరీ, 8 గంటల ప్రాక్టికల్, మొత్తం 24. రెండు తరగతులకు 48 గంటలు. తరగతిలో పది మంది ఉన్నా ముప్పై మంది ఉన్నా ఈ 48 మారవు. అంటే ప్రవేశాలు మూడింతలైతే ఒక విద్యార్థికి అయ్యే ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది, ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండానే. కాబట్టి కమిటీని మీరు అడగాల్సింది ఇది: మీ దృష్టిలో సమస్య ఖర్చా, ప్రవేశాలా? ప్రవేశాలైతే వాటిని పెంచడానికి గడువు ఇవ్వండి. ఖర్చయితే, మూసేస్తే ఎంత మిగులుతుందో చూపించండి.

ఎంత మిగులుతుంది? దీన్ని చాలా మంది అడగరు, అడిగితే గదిలో ఒక్కసారి చర్చ మారిపోతుంది. ఇతర విభాగాలకు చెప్పే 15 గంటలు (పైన చెప్పిన 4, 4, 4, 3 క్రెడిట్ల పేపర్లవి) కలిపితే మొత్తం 63 గంటలు. విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ముగ్గురే అనుకుంటే, ఒక ఆచార్యులు 14, ఇద్దరు సహాయ ఆచార్యులు 32, కలిపి 46 గంటలు చెబుతారు. మిగిలిన 17 గంటలు అతిథి అధ్యాపకులవి. రేపు ఎమ్మెస్సీ మూసేస్తే రెగ్యులర్ అధ్యాపకుల జీతాలు ఆగవు, వారు రిటైరయ్యే దాకా ఇవ్వాల్సిందే. వెంటనే మిగిలేది అతిథి అధ్యాపకుల గౌరవ వేతనం మాత్రమే. ఆ 15 గంటల పాఠాలు ఎలాగూ ఎవరో ఒకరు చెప్పాలి. చివరి రెగ్యులర్ అధ్యాపకులు రిటైరయ్యాక ఎంబీఏ వాళ్లు ఒకర్ని, కామర్స్ వాళ్లు ఇంకొకర్ని గంటకింతని పెట్టుకుంటారు. నేను ఆడిట్‌కు వెళ్లిన ఒకచోట సరిగ్గా ఇదే జరిగింది. విభాగం పోయింది, అవసరం పోలేదు. ఒకే రిగ్రెషన్ పాఠాన్ని నలుగురు అతిథి అధ్యాపకులు నాలుగు విభాగాల్లో నాలుగు రకాలుగా చెబుతున్నారు. పీహెచ్‌డీ విద్యార్థులు తమ డేటా పట్టుకుని ఎవర్ని అడగాలో తెలియక ఊళ్లో డబ్బు తీసుకుని విశ్లేషణ చేసిపెట్టే దుకాణాలకు వెళ్తున్నారు. అది చూసి నాకు చాలా బాధ కలిగింది. నివేదికలో గట్టిగా రాశాను.

అలాగని మూసివేత ఎప్పుడూ తప్పు అని నేను అనను. మూసేయమని నేనే సిఫారసు చేసిన కోర్సులు ఉన్నాయి. ఒక విశ్వవిద్యాలయంలో బయోసైన్సుల పేరు మీద సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో ఒక ఎమ్మెస్సీ పెట్టారు. పవర్‌పాయింట్ ప్రదర్శన బ్రహ్మాండంగా ఇచ్చారు. నేను ఎక్కడికి వెళ్లినా ప్రదర్శన అయ్యాక ల్యాబ్‌కు తీసుకెళ్లమని, పరికరాల లాగ్‌బుక్, విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డులు చూపించమని అడుగుతాను. అక్కడ స్పెక్ట్రోఫోటోమీటర్ మీద గుడ్డ కప్పి ఉంది. లాగ్‌బుక్‌లో చివరి నమోదు అంతకు ముందు విద్యా సంవత్సరానిది. రికార్డులు తిరగేస్తే ఆరుగురు విద్యార్థుల పుస్తకాల్లో ఒకే రీడింగులు, దశాంశ స్థానాల వరకూ ఒకటే. కనీసం గ్రాఫులో ఒక్క చుక్క కూడా పక్కకు పోలేదు. ఆ పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే తలలు దించుకున్నారు. ఫీజు కట్టిన వాళ్లకు ఇంత అన్యాయం జరుగుతున్నప్పుడు కోర్సును కొనసాగించమనడం నా వల్ల కాలేదు. అక్కడ సీట్లు దాదాపు నిండే ఉన్నాయి, ఆదాయమూ వస్తోంది. ప్రవేశాల లెక్కలో అది మంచి కోర్సు. నిండిన సీట్లు నాణ్యతకు రుజువు కావు, ఖాళీ సీట్లు నాసితనానికి రుజువు కావు. ఈ మాట మీ కమిటీ సభ్యులకు మర్యాదగానే అయినా స్పష్టంగా చెప్పండి.

ప్రవేశాల అంకెల్లోనూ జాగ్రత్త అవసరం. ఏ ఏడాది అంకె తీసుకున్నారు, ఏ తేదీన లెక్కించారు అన్నవి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి పీజీ ప్రవేశాలకు రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష వచ్చింది. తెలంగాణలోనూ ఉమ్మడి పరీక్షే. కౌన్సెలింగ్ ఆలస్యమైన ఏడాది మంచి విద్యార్థులు బీఎడ్‌కో ఉద్యోగానికో వెళ్లిపోతారు, ఆ నష్టం అన్ని సైన్సు విభాగాలకూ ఉంటుంది. ఒక్క ఏడాది అంకెతో తీర్పు చెప్పకూడదు, కనీసం అయిదేళ్ల వరుస కావాలి. చేరినవారితో పాటు చివరి సెమిస్టరు దాకా ఉన్నవారిని కూడా లెక్కించాలి. పన్నెండు మంది చేరి పదకొండు మంది పూర్తిచేసిన విభాగం, నలభై మంది చేరి పద్దెనిమిది మంది మిగిలిన విభాగం పక్కపక్కన పెడితే చిత్రం వేరుగా ఉంటుంది. హాజరు పట్టీలు, పరీక్ష ఫీజు కట్టినవారి జాబితా పరీక్షల విభాగం నుంచి తీసుకుంటే ఈ అంకె దొరుకుతుంది.

ఆదాయం విషయంలోనూ ఒక మెలిక ఉంది. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు రావలసిన ఫీజును ఆదాయంగా చూపిస్తాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచే కోర్సుల్లో రావలసింది వేరు, వచ్చింది వేరు. ఫైనాన్స్ ఆఫీసర్ గారి దగ్గర ఖాతాలో జమ అయిన మొత్తాలు ఉంటాయి. అన్ని విభాగాలకూ ఆ అంకెలే వాడాలని లిఖితపూర్వకంగా కోరండి.

ఇతర దేశాల సంగతి కూడా అడిగారు కాబట్టి కొంచెం చెబుతాను. అమెరికాలో ఈ పనికి ఒక చట్రం ఉంది. నార్తర్న్ కొలరాడో విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేసిన రాబర్ట్ డికెసన్ 1999లో పది ప్రమాణాలు ప్రతిపాదించారు. కోర్సు చరిత్ర, బయటి గిరాకీ, లోపలి గిరాకీ, అధ్యాపకుల, ప్రక్రియల నాణ్యత, ఫలితాలు, పరిమాణం, ఆదాయం, ఖర్చు, సంస్థకు దాని ఆవశ్యకత, ముందున్న అవకాశాలు. వాటి ప్రకారం కోర్సులన్నిటినీ అయిదు వంతులుగా విడగొట్టి, పై వంతుకు వనరులు పెంచి, అడుగు వంతును తగ్గించడమో మూసేయడమో చేస్తారు. నాకు ఇందులో నచ్చింది బయటి గిరాకీ పక్కనే లోపలి గిరాకీని విడిగా పెట్టడం. మీ వాదనకు అదే ఆధారం. నచ్చనిది ఆ అయిదు వంతుల నియమం. అన్ని విభాగాలూ బాగా పనిచేస్తున్నా అడుగున ఒక వంతు ఉండి తీరాల్సిందే అన్నట్టు అవుతుంది.

ఇంకొన్ని విశ్వవిద్యాలయాలు ఎవరి ఆదాయం వారిది, ఎవరి ఖర్చు వారిది అనే పద్ధతిలో నడుస్తాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1970ల్లో, ఇండియానా 1990 ప్రాంతంలో ఆ దారిలోకి వచ్చాయి. ప్రతి కళాశాలా తన ఫీజులు తానే ఉంచుకుని, గ్రంథాలయం, భవనాల వంటి ఉమ్మడి ఖర్చులకు వాటా కడుతుంది. ఫీజు తెచ్చే కోర్సుల మీద మోజు పెరగడానికి ఇదీ ఒక కారణం. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ ఎమ్మెస్‌లు చేసే మన పిల్లలు పూర్తి ఫీజు కడతారు. ఆ డబ్బుతో నిలబడుతున్న చిన్న విభాగాలు అక్కడ చాలానే ఉన్నాయి. కానీ ఈ పద్ధతిలో ఒక దోషం ఉంది. ఇంజినీరింగ్ కళాశాల తన విద్యార్థుల్ని గణిత విభాగానికి పంపితే ఆ ఫీజులో వాటా పోతుందని, గణితం తానే చెప్పుకోవడం మొదలుపెడుతుంది. సరిగ్గా నేను పైన చెప్పిన రిగ్రెషన్ పాఠం కథ.

కోత ఎంత దూరం పోగలదో చూడాలంటే 2023లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వైపు చూడండి. సుమారు నాలుగున్నర కోట్ల డాలర్ల లోటుతో ఆ ఆగస్టులో 32 కోర్సులు, 169 అధ్యాపక పోస్టులు తీసేయాలని ప్రతిపాదించారు. ప్రపంచ భాషల విభాగాన్ని పూర్తిగా ఎత్తేస్తామన్నారు. విభాగాలు అప్పీలు చేసుకున్నాయి. సెప్టెంబరులో పాలకమండలి ఆమోదించినవి 28 కోర్సులు, 143 పోస్టులు. స్పానిష్, చైనీస్ బోధన కొద్దిమందితోనైనా నిలిచింది. గణితంలో పీహెచ్‌డీ మాత్రం పోయింది. రాష్ట్రానికి ప్రధానమైన విశ్వవిద్యాలయంలో గణిత డాక్టరేటు లేకపోవడం నా దృష్టిలో పెద్ద నష్టం. ఆ ఉదంతంలో మీకు పనికొచ్చేది అప్పీలు సంగతి. తొలి ప్రతిపాదనే తుది నిర్ణయం కాదు. సమయానికి, అంకెలతో వెళ్లినవారి మాట అక్కడ కొంతైనా చెల్లింది.

బ్రిటన్ దారి వేరు. అక్కడ పరిశోధన నాణ్యతను కొన్నేళ్లకోసారి దేశవ్యాప్తంగా తూచి, దాని మీద పరిశోధన నిధులు పంచుతారు. 2021 విడతలో ప్రచురణలకు 60 శాతం, సమాజంపై ప్రభావానికి 25, పరిశోధన వాతావరణానికి 15 శాతం ఇచ్చారు. మన దగ్గర అంత యంత్రాంగం లేదు. కానీ ఆ 25 శాతం వెనుక ఉన్న ఆలోచన తీసుకోవచ్చు. మీ విభాగంవారు జిల్లా ప్రణాళిక అధికారికో, వ్యవసాయ శాఖకో, వైద్య కళాశాల పరిశోధకులకో సర్వేలు, విశ్లేషణలు చేసిపెట్టి ఉంటే, వాటి ఉత్తరాలు సేకరించండి. చాలా విభాగాల్లో ఇలాంటి పని జరుగుతుంది, కానీ ఎవరూ ఫైలు చేయరు.

మీ పోస్టుల గురించి ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఖాళీని ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మార్చడం కంప్యూటర్‌లో గడి మార్చినంత సులువు కాదు. రిజర్వేషన్ రోస్టర్ ఉంది, అంటే ఏ వరుస సంఖ్య (బిందువు) పోస్టు ఏ వర్గానికో చెప్పే పట్టిక. ఆ పట్టికకు విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలా, విశ్వవిద్యాలయాన్ని మొత్తంగా తీసుకోవాలా అన్న వివాదం దేశమంతా నడిచింది. కేంద్ర విద్యాసంస్థలకు 2019 చట్టం సంస్థ మొత్తాన్ని యూనిట్ చేసింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆయా రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర్వులు చూడాలి. పోస్టు కదిలితే రోస్టర్ బిందువులు మారతాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు దక్కాల్సిన బ్యాక్‌లాగ్ (గతంలో భర్తీ కాక మిగిలిన) పోస్టు ఈ మార్పుల్లో మాయం కాకూడదు. మీ రెండు ఖాళీలు ఏ బిందువుల మీద ఉన్నాయో రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పోస్టుల మార్పు పాలకమండలి ముందుకు రావాలి. కోర్సు మూసివేత, విలీనం అకడమిక్ సెనేట్ దాకా వెళ్లాలి. కమిటీ నివేదిక సిఫారసు మాత్రమే. ఈ మెట్లన్నిట్లోనూ మాట్లాడే అవకాశం ఉంటుంది.

విలీనం గురించి నా అభిప్రాయం దాచను. గణితంలో కలపడం మీకు మరణశాసనం కాదు. ఆఫీసు, కంప్యూటర్ ల్యాబ్, అటెండర్లు ఉమ్మడిగా ఉండి, కోర్సు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ నిర్ణయించే మండలి), పోస్టుల గుర్తింపు విడిగా ఉంటే అది మంచి ఏర్పాటే. స్టాటిస్టిక్స్ స్పెషలైజేషన్‌తో పోస్టు అని మంజూరు పత్రంలో రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకుండా విలీనమైతే, తర్వాతి నియామకంలో ఆ పోస్టు ప్యూర్ మ్యాథ్స్‌కు వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఎవరూ అడగలేరు.

కంప్యూటర్ సైన్స్‌తో తగువు పెట్టుకోకండి. వారికి డేటా సైన్స్ కోర్సు పెట్టాలని ఉంటుంది. అందులో ప్రాబబిలిటీ, ఇన్ఫరెన్స్, మల్టీవేరియేట్ పాఠాలు చెప్పే మనుషులు వారి దగ్గర లేరు. మీరే ఆ విభాగాధిపతి దగ్గరికి వెళ్లి, రెండు ఖాళీల్లో ఒకటి స్టాటిస్టిక్స్‌లోనే నింపి, ఆ అధ్యాపకుడి సగం గంటలు డేటా సైన్స్‌కు ఇస్తామని రాతపూర్వకంగా ప్రతిపాదించండి. నేను డీన్‌గా ఉన్నప్పుడు ఇలాంటి ఉమ్మడి ప్రతిపాదన వస్తే పక్కన పెట్టడం నాకు చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే అభ్యంతరం చెప్పే విభాగం ఏదీ మిగలదు.

ఇప్పుడు మీరు వెంటనే చేయాల్సినవి. కమిటీ ప్రమాణాల పత్రం, దేనికెంత వెయిటేజీ ఇస్తున్నారో లిఖితపూర్వకంగా అడగండి. ప్రమాణాలు ముందే చెప్పకుండా మార్కులు వేయడాన్ని ఏ పాలకమండలి ముందైనా ప్రశ్నించవచ్చు. అయిదేళ్ల విద్యార్థి-క్రెడిట్ పట్టిక వేయండి, సొంత తరగతులు ఒక వరుసలో, ఇతర విభాగాలవి ఇంకో వరుసలో. దాని మీద ఎంబీఏ, ఎకనమిక్స్, కామర్స్, బయోటెక్నాలజీ విభాగాధిపతుల సంతకాలు తీసుకోండి. ఆ సంతకాలు లేకపోతే అది మీ గొప్ప మీరు చెప్పుకున్నట్టే ఉంటుంది. గత అయిదు బ్యాచ్‌ల విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో ఫోన్లు చేసి తెలుసుకోండి. బ్యాచ్‌కు పది పన్నెండు మందే కాబట్టి ఇది పెద్ద విభాగాలకు సాధ్యం కాని పని, మీకు సాధ్యం. మూసేస్తే మొదటి ఏడాది, అయిదో ఏడాది, పదో ఏడాది ఎంత ఆదా అవుతుందో రిటైర్మెంట్ తేదీల ప్రకారం ఒక పేజీ వేయండి. ఇప్పుడు చదువుతున్న విద్యార్థులు తమ కోర్సును అదే సిలబస్‌తో పూర్తిచేసే హామీ ఏ నిర్ణయంలోనైనా ఉండాలని అందులోనే కోరండి. మొత్తం నాలుగు పేజీలు దాటనివ్వకండి. కమిటీ సభ్యులు ఒక్కరోజులో పది విభాగాల ఫైళ్లు చూస్తారు, అయిదో పేజీ ఎవరూ తిప్పరు.

ప్రవేశాల విషయంలో ఒక అంకెకు కట్టుబడండి. రెండేళ్లలో ఇంతమందిని చేర్చుకుంటాం, చుట్టుపక్కల డిగ్రీ కళాశాలల్లో ఇన్నిటికి వెళ్తాం, సిలబస్‌లో ఆర్ (R) లేదా పైథాన్ అనే కంప్యూటర్ భాషతో ప్రాక్టికల్స్ ఇంతమేరకు పెడతాం అని. అందుకోలేని అంకె రాయవద్దు. గడువు ముగిశాక అదే కాగితం మళ్లీ మీ ముందుకు వస్తుంది.

మీ పట్టిక తయారయ్యాక పేర్లు తీసేసి అంకెలు మాత్రం నాకు పంపండి, ముఖ్యంగా ఇతర విభాగాల వరుస. ఒక్క సందేహం ఇప్పుడే అడుగుతున్నాను: ఎంబీఏ స్టాటిస్టిక్స్ పేపరు టైమ్‌టేబుల్‌లో మీ అధ్యాపకుల పేరుతోనే ఉందా, లేక ఎంబీఏ విభాగం పేరుతో ఉందా? రెండోదైతే ఆ 4 గంటలు మీ పనిభారంలో చూపించడానికి ముందుగా డీన్ ఉత్తర్వు ఒకటి తెచ్చుకోవాలి. ఆ పని కమిటీ వచ్చేలోపే అవ్వాలి.